ఎక్కడో వడ్డీ రేటు పెరిగితే ఇంకెక్కడో కంచంలో తిండి తగ్గుతుందా?

తూర్పుగాలి
సభ్యులకు నమస్కారం. ఒక వ్యాసరచన పోటీకి సిద్ధమవుతున్నాను. ప్రపంచ ఆర్థిక మార్పులు దేశాల ఆహార భద్రతను ఎలా తాకుతాయన్నది విషయం. నా వాదన సూటిగా ఉంది. తన జనాభాకు సరిపడా పండించుకునే దేశానికి బయటి మార్కెట్లు మండినా మునిగినా పట్టదు. పండించుకోలేని దేశాలకే కష్టం. ఈ మాట ఒక మిత్రుడితో అంటే, "అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే ఇంకో ఖండంలో ఒక ఇంట్లో రొట్టె చిన్నదవుతుంది, తెలుసా?" అన్నాడు. నేను నవ్వాను. అతను నొచ్చుకున్నాడు. నవ్వడం తప్పా, ఒప్పా? గడువు ఇంకా పది రోజులు ఉంది కాబట్టి తీరిగ్గా చెప్పినా పరవాలేదు.

చిల్లుకాణి
తప్పే. వివరం సాయంత్రం రాస్తాను.

ఒండ్రుమట్టి
చిల్లుకాణి గారు వచ్చి డాలర్ల పురాణం విప్పేలోపు మట్టి గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. నేను వ్యవసాయ శాఖలో పనిచేసి దిగినవాడిని.

"సరిపడా పండించుకుంటే చాలు" అన్నారు. సరే, దేనితో పండిస్తారు? గింజ మన పొలంలోదే కావచ్చు. దానికి వేసే యూరియా ఎక్కడిది? యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు సహజవాయువు కావాలి. గాలిలోని నత్రజనిని వాయువులోని హైడ్రోజన్‌తో కలపడమే వంద సంవత్సరాలకు పైగా నడుస్తున్న హేబర్-బాష్ పద్ధతి. అమ్మోనియా తయారీ ఖర్చులో ముప్పాతిక వంతు దాకా ఆ వాయువుదే. అంటే యూరియా బస్తా ఒక రకంగా గట్టిపడిన సహజవాయువే.

2020లో ప్రపంచ మార్కెట్‌లో టన్ను యూరియా 250 డాలర్ల లోపు ఉండేది. 2022 ఏప్రిల్‌లో 900 దాటింది. ఆ మధ్యలో ఏం జరిగిందో చూడండి. ఐరోపాలో వాయువు ధర నెత్తికెక్కి అమ్మోనియా కర్మాగారాలు ఒకదాని వెనుక ఒకటి ఆపేశారు. 2021 శరదృతువు నుంచి చైనా తన ఎరువులను బయటికి వదలడం తగ్గించింది. పొటాష్ ఎక్కువగా పంపే బెలారస్, రష్యాలలో ఒకదాని మీద ఆంక్షలు, ఇంకొకటి యుద్ధంలో. ఫాస్ఫేట్ ఎరువుకు ముడిసరుకైన రాతి నిల్వల్లో సింహభాగం ఒక్క మొరాకో గుప్పిట్లో ఉంది.

ఇప్పుడు చెప్పండి. ఒక్క గింజ కూడా దిగుమతి చేసుకోని దేశాన్ని ఇవేవీ తాకలేదంటారా? తాకాయి, కానీ ఆరు నెలలు ఆలస్యంగా తాకాయి. ఎరువు ధర ఈ పంటలో ఖర్చుగా కనిపిస్తుంది, వచ్చే పంటలో దిగుబడిగా కనిపిస్తుంది. రైతు ఒక బస్తా తగ్గించి వేస్తాడు. ఆ తగ్గించిన బస్తా సంగతి ఏ వార్తాపత్రికా రాయదు.

తూర్పుగాలి
ఎరువు కోణం నాకు తట్టలేదు. డీజిల్ కూడా ఇందులోకే వస్తుందేమో. కానీ వడ్డీ రేటు సంగతి ఇంకా మిగిలే ఉంది.

లంగరు
డాలర్లు రాకముందే ఓడ వచ్చింది, వినండి. ఇరవై ఏళ్ళకు పైగా సరుకు ఓడల మీద తిరిగాను. ఒక దేశం పేరు చెప్పకుండా ఒక సంగతి చెబుతాను.

మా ఓడ కడుపులో గోధుమ. రేవు కళ్ళ ఎదుట ఉంది. క్రేన్లు కనిపిస్తున్నాయి, వాటి కింద బెర్తు, అంటే ఓడ కట్టే చోటు, ఖాళీగా ఉంది. మేం మాత్రం బయటి జలాల్లో లంగరు వేసుకుని 19 రోజులు కూర్చున్నాం. తుపాను లేదు, సమ్మె లేదు. సరుకు కొన్నవాళ్ళు పత్రాలు విడిపించుకోలేదు, అంతే.

సముద్రం మీద సరుకు చేతులు మారేది కాగితంతో. బిల్ ఆఫ్ లేడింగ్ అనే పత్రం ఎవరి చేతిలో ఉంటే సరుకు వారిది. డబ్బు చెల్లిస్తే బ్యాంకు ఆ పత్రం ఇస్తుంది. డబ్బు అంటే డాలర్లు. కొన్నవాళ్ళ దగ్గర స్థానిక కరెన్సీ దండిగా ఉందట, దాన్ని డాలర్లుగా మార్చి ఇచ్చే బ్యాంకే లేదు. మామూలుగా ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) మీద నడిచే వ్యాపారం ఇది. కొనుగోలుదారు బ్యాంకు "నాదీ పూచీ" అని రాసిచ్చే హామీ పత్రమే ఎల్‌సీ. దేశం ఖజానా మీద అనుమానం పుడితే ఆ హామీని బయటి బ్యాంకులు నమ్మవు. ముందు రొక్కం పెట్టమంటాయి. రొక్కం లేకే కదా హామీ అడిగింది!

రోజూ పొద్దున సరుకు అరల మీది హ్యాచ్ మూతలు కొద్దిగా ఎత్తి గోధుమకు గాలి తగలనిచ్చేవాళ్ళం, చెమ్మ పడితే ముద్ద కడుతుందని. అలా ఎత్తిన ఒక పూట చేపల పడవ ఒకటి పక్కకు వచ్చింది. అందులో పెద్దాయన సైగ చేసి లోపల ఏముందని అడిగాడు. గుప్పెడు గింజలు చూపించాను. ఆయన ఒకసారి రేవు వైపు, ఒకసారి మా వైపు చూసి చేతులు తిప్పాడు. ఆ ప్రశ్నకు సమాధానం నా దగ్గర కూడా లేదు.

ఆగిన ప్రతి రోజుకూ ఓడ యజమానికి డెమరేజ్ కట్టాలి. అదీ డాలర్లలోనే. చివరికి ఆ సొమ్ము కూడా పిండి ధరలో కలుస్తుంది.

చిల్లుకాణి
లంగరు గారు నా పని సగం చేసేశారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, రేవులో గింజ ఉంది, ఊళ్ళో లేదు. ఆ రెండింటి మధ్య అడ్డం పడ్డది డాలరు. ఇప్పుడు తూర్పుగాలి గారి మిత్రుడి పక్షాన వాదిస్తాను.

2022 మార్చి ముందు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ దాదాపు సున్నా. 2023 జూలై నాటికి అది 5.25 నుంచి 5.50 శాతానికి చేరింది. అమెరికాలోనే ప్రమాదం లేకుండా అంత వడ్డీ వస్తుంటే, అప్పటిదాకా ఎక్కువ వడ్డీ ఆశతో ఇతర దేశాల బాండ్లలో ఉన్న సొమ్ము అక్కడ ఎందుకుంటుంది? వెళ్ళిపోతుంది. ఈజిప్టును చూడండి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ ఏడాది తొలి నెలల్లోనే దాదాపు 2,000 కోట్ల డాలర్ల విదేశీ పెట్టుబడి ఆ దేశం వదిలి పోయింది. ప్రపంచంలో గోధుమ అత్యధికంగా కొనే దేశాల్లో అది ముందు వరసలో ఉంటుంది. కొనేది ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్ల నుంచే. డాలరుకు 16 ఈజిప్టు పౌండ్ల లోపు ఉన్న మారకం 2024 మార్చికి 50 పౌండ్ల దగ్గరకు వచ్చింది.

లెక్క తెలియడానికి సుమారు అంకెలు వేస్తాను. యుద్ధం మొదట్లో టన్ను గోధుమ 400 డాలర్లు అనుకోండి. పదహారుతో గుణిస్తే 6,400 పౌండ్లు. రెండేళ్ళకు ప్రపంచ ధర బాగా దిగింది, 250 అనుకోండి. యాభైతో గుణిస్తే 12,500 పౌండ్లు. ప్రపంచ మార్కెట్‌లో గోధుమ చవకైంది, పత్రికలు "ఆహార సంక్షోభం సద్దుమణిగింది" అని రాశాయి. కైరోలో మాత్రం అదే టన్ను దాదాపు రెండింతలయింది. గోధుమ మీద ఒక్క రాయి పడలేదు, కరెన్సీ మీద పడింది.

రొట్టె చిన్నదవుతుందా? రాయితీ రొట్టెకు ఆ దెబ్బ వెంటనే తగలదు. దాని ధర మూడు దశాబ్దాలకు పైగా 5 పియాస్టర్ల (పియాస్టర్ అంటే పౌండులో నూరో వంతు) దగ్గరే ఉండిపోయింది, 2024 జూన్‌లో 20 చేశారు. 1977 జనవరిలో రాయితీలు ఎత్తేస్తే జనం వీధుల్లోకి వచ్చి రెండు రోజుల్లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తిప్పారు, ఆ భయం ఇప్పటికీ పాలకులకు ఉంది. కాబట్టి దెబ్బ మొదట ఖజానా మీద పడుతుంది, అక్కడి నుంచి బడి మీద, ఆసుపత్రి మీద పడుతుంది. రాయితీ లేని రొట్టె విషయంలో మీ మిత్రుడు చెప్పింది అక్షరాలా జరిగేదే. రొట్టెల దుకాణం వాడు ధర పెంచలేనప్పుడు ముద్ద తగ్గిస్తాడు.

తూర్పుగాలి
నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం. శ్రీలంకను అందరూ ఉదాహరణగా చెబుతారు. అక్కడ రసాయన ఎరువులు నిషేధించింది వాళ్ళ ప్రభుత్వమే కదా? అది స్వయంకృతం. ప్రపంచ మార్కెట్ చేసిన పాపం ఏముంది?

ఒండ్రుమట్టి
సరిగ్గా అడిగారు. 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు. నేల సేంద్రియానికి అలవాటు పడడానికి ఏళ్ళు పడుతుంది, దేశం మొత్తానికి సరిపడా సేంద్రియ ఎరువు తయారు చేయడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నవంబరులో తప్పు దిద్దుకోబోయారు, అప్పటికే అదను దాటిపోయింది. వరి దిగుబడి ఘోరంగా పడిపోయింది, తేయాకు తోటలూ నష్టపోయాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. దీన్ని ప్రపంచం నెత్తిన రుద్దకండి.

చిల్లుకాణి
ఒండ్రుమట్టి గారూ, ఆ మందు ఎందుకు వేశారన్నది అడగరా? సేంద్రియం మీద ప్రేమ పైకి చెప్పిన కారణం. 2019 ఈస్టర్ పేలుళ్ళు, ఆ వెంటనే కోవిడ్, రెండూ కలిసి పర్యాటకాన్ని తుడిచిపెట్టాయి. బయటి నుంచి కార్మికులు పంపే సొమ్ము తగ్గింది. పన్నులు తగ్గించి ఖజానాను వాళ్ళే బోర్లించారు, అది ఒప్పుకుంటాను. డాలర్లు అడుగంటుతున్న దేశానికి ఎరువుల దిగుమతి బిల్లు ఒక బరువు. దాన్ని కోసేయడంలో పొదుపు ఆశ లేదని అనుకోగలరా?

ఒండ్రుమట్టి
ఆశ ఉండే ఉంటుంది. పొదుపు చేసిందేమిటి మరి? బియ్యం పండించుకునే దేశం బియ్యం కొనడానికి డాలర్లు వెతుక్కుంది. ఎరువు మీద మిగిలిన దానికంటే తిండి మీద ఎక్కువ పోయింది.

చిల్లుకాణి
అదే నేను చెప్పేదీ! గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆ పోటు వాళ్ళదే, గోరుచుట్టు బయటి నుంచి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. మే నాటికి వాడుకోవడానికి వీలైన విదేశీ మారకం 5 కోట్ల డాలర్లు కూడా లేదని ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పారు. రెండు కోట్లకు పైగా జనాభా ఉన్న దేశం సంగతి ఇది. సెప్టెంబరుకు తిండి వస్తువుల ధరల పెరుగుదల ఏడాదికి 90 శాతం దాటింది.

లంగరు
ఆ రోజుల్లో కొలంబో రేవులో తిండి సరుకుల కంటెయినర్లు వందల కొద్దీ ఆగిపోయాయి. నా 19 రోజుల కథలో ఓడకు బదులు కంటెయినర్ పెట్టుకోండి.

కంచె
అందరూ కొనేవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. అమ్మే దేశాల వైపు ఎవరూ లేరా? ఎగుమతి నిషేధం అనగానే నేరం చేసినట్టు చూస్తారు. 2022 మే 13న భారత్ గోధుమ ఎగుమతులు ఆపింది, ఎందుకంటే గింజ పాలు పోసుకునే వేళ ఎండలు కాల్చాయి. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఆపింది. 2010 ఆగస్టులో కరవు వచ్చి రష్యా ఆపింది. 2022 ఏప్రిల్‌లో ఇండొనేషియా పామాయిల్ ఆపింది. ఏ ప్రభుత్వానికైనా ముందు తన జనం. పొరుగువాడి ఆకలి కోసం ఇంట్లో ధర మండనిస్తే మళ్ళీ ఎవరు ఓటేస్తారు?

పాతలెక్క
కంచె గారూ, మీ వాదనలో న్యాయం ఉంది. ఆ న్యాయం అందరూ ఒకేసారి పాటిస్తే ఏమవుతుందో 2008 చూపించింది. నాకు ఈ లెక్కలు పాత వ్యసనం, కాస్త ఓపిక పట్టండి.

ఆ ఏడాది బియ్యానికి నిజమైన కొరత లేదు. పంట బాగానే ఉంది. గోధుమ ధర పెరుగుతోందని భారత్ 2007 అక్టోబరులో బియ్యం ఎగుమతుల మీద ఆంక్ష పెట్టింది. వియత్నాం తనూ తలుపు మూసింది. ఫిలిప్పీన్స్ కంగారుపడి ఎంత ధరకైనా కొంటానని టెండర్లు వేసింది. ఆ కంగారు చూసి మిగిలినవాళ్ళు దాచుకున్నారు. 2007 చివర్లో టన్ను 350 డాలర్ల పరిసరాల్లో ఉన్న థాయ్ బియ్యం 2008 వసంతంలో 1,000 దాటింది. హైతీలో ఆహార అల్లర్లకు ఏప్రిల్‌లో ప్రధానమంత్రి పదవే పోయింది.

దిగిన తీరు ఇంకా తమాషా. వాణిజ్య ఒప్పందాల వల్ల జపాన్ ఏటా కొంత విదేశీ బియ్యం కొని తీరాలి. అక్కడి జనం దాన్ని పెద్దగా తినరు, గోదాముల్లో పేరుకుంటుంది. అలా 15 లక్షల టన్నులు ఉంది. దాన్ని తిరిగి బయటికి అమ్మాలంటే అమెరికా అభ్యంతరం పెట్టకూడదు. అభ్యంతరం పెట్టబోమన్న సంకేతం వచ్చింది. ధర కూలబడింది. ఆ బియ్యంలో అత్యధిక భాగం గోదాము దాటనే లేదు! భయంతో ఎక్కిన ధర ఒక మాటతో దిగింది.

కంచె
అంటే ఆంక్షలు పెట్టిన దేశాల జనం ఆ కొద్ది నెలలు చవకగా తిన్నారు. నా మాట నిలబడింది.

పాతలెక్క
కొద్ది నెలల లెక్కలో నిలబడింది. కొద్ది దశాబ్దాల లెక్క చెబుతాను, వినండి.

1972లో పెరూ తీరంలో ఆంకోవీ చేపలు మాయమయ్యాయి. ఆ చేపల పొడి పశువుల దాణాలో మాంసకృత్తు. అది లేకపోయేసరికి అందరూ సోయా మీద పడ్డారు. అదే ఏడాది సోవియట్ యూనియన్ అమెరికా గోధుమను గుట్టుచప్పుడు కాకుండా భారీగా కొనేసింది. అమెరికాలో ధరలు భగ్గుమన్నాయి. 1973 జూన్ 27న అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం సోయా ఎగుమతులు ఆపింది. జపాన్ గుండె గుభేలుమంది. వాళ్ళ తోఫు, సోయా సాస్, కోళ్ళ దాణా, అన్నింటికీ అమెరికా గింజే ఆధారం. నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు, కొద్ది నెలల్లో సడలించారు. జపాన్ మాత్రం మరిచిపోలేదు. అదే దశాబ్దంలో బ్రెజిల్‌తో చేయి కలిపి, సెరాడో అనే విశాలమైన గడ్డిమైదానంలో సోయా సాగుకు పెట్టుబడి పెట్టింది.

ఒండ్రుమట్టి
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, ఇది నా పొలం. సెరాడో నేల పుల్లటి నేల. అల్యూమినియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ. దేనికీ పనికిరాదని వదిలేసిన భూమి. బ్రెజిల్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా పుట్టింది కూడా 1973లోనే. టన్నుల కొద్దీ సున్నం వేసి పులుపు విరిచారు, ఉష్ణమండలపు పగటి నిడివికి సరిపోయే సోయా వంగడాలు తయారు చేశారు. డబ్బుతో పాటు ఆ సున్నమూ ఆ వంగడాలూ లేకపోతే జపాన్ పెట్టుబడి ఎండిపోయేది.

పాతలెక్క
కృతజ్ఞతలు. మిగిలింది చెబుతాను. ఇప్పుడు ప్రపంచంలో సోయా అత్యధికంగా అమ్మే దేశం బ్రెజిల్. 2018 జూలైలో వాణిజ్య యుద్ధంలో చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది. వేసే ధైర్యం ఎక్కడిది? పక్కన బ్రెజిల్ ఉంది కాబట్టి. 1973లో కొద్ది నెలలు చవకగా తిన్నదానికి అమెరికా రైతు నలభై అయిదేళ్ళ తర్వాత బిల్లు కట్టాడు.

కంచె
ఆ సోయా కథ నాకు తెలియదు, బాగుంది. అయినా ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల్లో దిగుమతి సుంకాలకు పరిమితులు కచ్చితంగా ఉన్నాయి. ఎగుమతి ఆపడానికి మాత్రం "తీవ్రమైన కొరత" అనే కిటికీ తెరిచే ఉంచారు. తలుపు తెరవమని చెప్పే చట్టం గట్టిది, మూయొద్దని చెప్పేది బలహీనం. ఇలాంటి ఏర్పాటులో కొనే దేశాలు ఎందుకు నమ్మాలి? నేను అమ్మే దేశాలను వెనకేసుకొచ్చాను గానీ, కొనే దేశం మంత్రినైతే అసలు ఎవరినీ నమ్మను.

గాలిపటం
ఇంత చర్చ అనవసరం. షికాగోలో కూర్చుని గింజల మీద జూదం ఆడేవాళ్ళ వల్లే ఇదంతా. వాళ్ళను మూసేస్తే ఆకలి పోతుంది.

చిల్లుకాణి
పోదు. పంట చేతికి రాకముందే ధర ఖాయం చేసుకోవడానికి రైతుకూ పిండిమరకూ ఆ ఫ్యూచర్స్ మార్కెట్ కావాలి. జూదరులు ఎగిసే ధరను ఇంకాస్త ఎగదోస్తారు, నిజమే, ఎంత అన్నదాని మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మీరు దోషినే వెతకాలనుకుంటే అమెరికా మొక్కజొన్నను చూడండి. మూడో వంతుకు పైగా ఇథనాల్ అనే ఇంధనంగా మార్చి కార్లలో పోస్తున్నారు. పెట్రోలులో దాన్ని కలపాలన్న 2005, 2007 చట్టాల తర్వాత అది ఊపందుకుంది. దానితో చమురు ధర, గింజ ధర ఒకదాని తోక ఒకటి పట్టుకున్నాయి. ఎక్కడో చమురు బావి దగ్గర గొడవైతే మొక్కజొన్న కదులుతుంది.

నిర్వాహకులు
గాలిపటం గారూ, ఫ్యూచర్స్ మార్కెట్ మీద ఇదివరకే వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. తర్వాతి రెండు టపాలను అక్కడికి మార్చాను.

దోసిలి
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. పోషకాహారం మీద పనిచేస్తాను. మీరంతా దేశం, ఓడ, ఖజానా అంటున్నారు. తినేది మనిషి కదా.

1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఆహార భద్రతకు చెప్పిన అర్థంలో ఉత్పత్తి ఒక్కటే లేదు. అందరికీ, అన్ని వేళలా, చాలినంత, పోషకాలున్న, హాని చేయని ఆహారం చేతికి అందాలి, దాన్ని కొనే శక్తి ఉండాలి. 1943 బెంగాల్ కరవు మీద అమర్త్య సేన్ చెప్పింది కూడా ఇదే. ధాన్యం అంతగా తగ్గలేదు, కూలివాడి కూలికి వచ్చే ధాన్యం తగ్గింది. యుద్ధకాలపు ఖర్చుతో ధర ఎగిసింది, కూలి ఎగరలేదు.

ఇంకొకటి. ధర పెరిగితే జనం వెంటనే ఆకలితో పడుకోరు. ముందు గుడ్డు మానేస్తారు. తర్వాత పాలు, పళ్ళు. తర్వాత పప్పు పలచన అవుతుంది. కడుపు నింపే గింజను చివరిదాకా వదలరు, కొన్నిసార్లు మిగతావి మానేసినందుకు అదే ఇంకాస్త ఎక్కువ తింటారు. కాబట్టి ఎంత గింజ తిన్నారన్న లెక్కలో సంక్షోభం కనబడదు. గర్భిణి రక్తపరీక్షలో కనబడుతుంది, రెండేళ్ళ పిల్లవాడి ఎత్తులో కనబడుతుంది. ఆ ఎత్తు తర్వాత మారకం బాగుపడినా తిరిగి రాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల 2025 నివేదిక ప్రకారం 2024లో ఆకలితో ఉన్నవారు 67 కోట్ల పైచిలుకు. పోషకాలున్న భోజనం కొనలేనివారు 260 కోట్లు. మీ ఓడలు మొదటి అంకెను కదిలిస్తాయి, రెండో అంకెను కదిలించేది కూలి.

లంగరు
దోసిలి గారూ, దెబ్బ గట్టిగా తగిలింది. రాస్తూ ఉండండి.

తూర్పుగాలి
నా పాత వాదన పూర్తిగా కూలినట్టేనా? స్వయం సమృద్ధికి అర్థమే లేదా?

చిల్లుకాణి
సింగపూర్ తన తిండిలో తొంభై శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటుంది. అక్కడ ఆకలి పెద్ద సమస్య కాదు. డబ్బు ఉంది, నూటికి పైగా దేశాల నుంచి కొంటుంది. 2022 జూన్‌లో మలేషియా కోళ్ళు పంపడం ఆపితే కొన్ని వారాలు చికాకు పడ్డారు, ఇంకోచోటి నుంచి తెప్పించుకున్నారు. మరోవైపు, జనంలో ఎక్కువమంది పొలం మీదే బతికే దేశాల్లో ఆకలి ఉంది. పండించడం, తినడం ఒకటి కాదు.

పాతలెక్క
ఆగండి, ఇక్కడ విభేదిస్తాను. సింగపూర్‌ను చూపి అందరికీ కొనుక్కోండని చెప్పడం ఎంత ప్రమాదమో హైతీని అడగండి. 1990ల మధ్యలో బయటి ఒత్తిడికి తలవంచి బియ్యం మీద దిగుమతి సుంకం 50 శాతం నుంచి 3 శాతానికి దించారు. అమెరికాలో రాయితీలతో పండిన బియ్యం వరదలా వచ్చింది. ఊళ్ళో రైతు వరి మానేసి పట్నం చేరాడు. చవకగా దొరికినంత కాలం బాగానే ఉంది. 2008లో ధర మూడింతలైనప్పుడు తిరిగి వేద్దామంటే కాలువ పూడిపోయింది, రైతు లేడు. 2010 మార్చిలో మాజీ అధ్యక్షుడు క్లింటన్ సెనేట్ కమిటీ ముందు ఆ విధానం పొరపాటని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఒప్పుకుంటే కాలువ తవ్వుకుంటుందా?

ఒండ్రుమట్టి
సాగు చేయడం కూడా ఒక నిల్వే, నాయనా తూర్పుగాలీ. గోదాములో ధాన్యం లాగే పొలం మీద అలవాటు కూడా నిల్వే. వదిలేస్తే పదేళ్ళలో పోతుంది, కూడబెట్టడానికి ఒక తరం పడుతుంది.

చిల్లుకాణి
హైతీ విషయంలో నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. డాలర్లు సంపాదించే దారి లేని దేశానికి నా సలహా పనికిరాదు.

కంచె
గోదాముల మాట వచ్చింది కాబట్టి, ప్రపంచ గోధుమ నిల్వల్లో దాదాపు సగం చైనా దగ్గరే ఉన్నాయని అంచనా. మొక్కజొన్నలో అంతకన్నా ఎక్కువ. నేను చెప్పిన నమ్మని మంత్రి అక్కడ ఉన్నాడు.

లంగరు
నిల్వ ఎక్కడ పెడతారన్నది కూడా చూడాలి. లెబనాన్‌కు పెద్ద ధాన్యపు గోపురాలు బేరూత్ రేవులో ఉండేవి, లక్షా ఇరవై వేల టన్నులు పట్టేవి. 2020 ఆగస్టు 4న రేవులో అమ్మోనియం నైట్రేట్ పేలి అవి ఛిద్రమయ్యాయి. అప్పటికే ఆ దేశపు కరెన్సీ నేల చూపు చూస్తోంది. రెండేళ్ళకు ఉక్రెయిన్ యుద్ధం. ఉక్రెయిన్ ధాన్యం బయటికి వచ్చే నల్ల సముద్రం దారి మూసుకుపోయింది. 2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో ఆ దారిన ధాన్యపు ఓడలను వదిలే ఒప్పందం కుదిరి, ఆగస్టు 1న మొదటి ఓడ రజోని 26 వేల టన్నులకు పైగా మొక్కజొన్నతో ఉక్రెయిన్ రేవు ఒడెసా నుంచి లెబనాన్‌కు బయల్దేరింది. ప్రపంచమంతా కెమెరాలు పెట్టి చూసింది, ఆకలి తీర్చే ఓడ అని. ఐదు నెలలు ఆలస్యమైందని లెబనాన్ కొనుగోలుదారు సరుకు వద్దన్నాడు. ఓడ కొత్త కొనుగోలుదారుల కోసం సముద్రంలో తిరిగింది. చివరికి కొంత తుర్కియే (టర్కీ)లో, మిగిలింది సిరియాలో దించారు. ఇంతా చేసి అది దాణా మొక్కజొన్న.

తూర్పుగాలి
ఇది నాకు కొత్త. ఆ ఒప్పందం ఇప్పుడు నడుస్తోందా?

లంగరు
లేదు. 2023 జూలై 17న రష్యా తప్పుకుంది. అప్పటికి దాదాపు 3.3 కోట్ల టన్నులు బయటికి వచ్చాయి. ఆ తర్వాత ఉక్రెయిన్ పశ్చిమ తీరాన్ని ఒరుసుకుంటూ వెళ్ళే దారి తనే వేసుకుంది.

తూర్పుగాలి
చివరి ప్రశ్న. ఒక దేశం తిండి విషయంలో కష్టాల వైపు వెళ్తోందని ముందుగా పసిగట్టాలంటే మీరు ఒక్కొక్కరు ఏది చూస్తారు? ఒకటే చెప్పాలి.

చిల్లుకాణి
విదేశీ మారక నిల్వ ఎన్ని నెలల దిగుమతికి సరిపోతుందో. మూడు నెలల కిందికి దిగితే పెన్సిల్ పట్టుకుంటాను.

ఒండ్రుమట్టి
విత్తడానికి రెండు నెలల ముందు ఎరువుల ఆర్డర్లు.

కంచె
పొరుగు దేశాలు ఏ తలుపులు మూస్తున్నాయో.

దోసిలి
బడిలో ఆడపిల్లల హాజరు పట్టీ. నవ్వకండి, తిండి ఖర్చు పెరిగితే చాలా ఇళ్ళలో ముందే ఆగేవాటిలో ఆడపిల్ల చదువు ఒకటి.

లంగరు
రేవు బయట లంగరు వేసి ఎదురుచూస్తున్న ధాన్యపు ఓడలు ఎన్నో. ఇప్పుడు ఫోనులోనే చూడవచ్చు, ప్రతి ఓడా మ్యాపు మీద ఒక చుక్క. బెర్తు ఖాళీగా ఉండి కూడా చుక్కలు కదలకపోతే పత్రాలు విడిపించుకోలేదని అర్థం.

తూర్పుగాలి
నిన్న రాత్రి ఆ మ్యాపు తెరిచి చూశాను, లంగరు గారూ. ఒక రేవు ముందు ఏడు చుక్కలు ఉన్నాయి. పొద్దున మళ్ళీ చూశాను. ఏడూ అక్కడే ఉన్నాయి. మిత్రుడికి ఆ బొమ్మ పంపాను. "ఇప్పుడు ఎవరు నవ్వుతున్నారు?" అని రాశాడు.